కొత్త నగరంలో మంచి హోటల్‌నీ, అసలు సిసలు విదేశీ వంటనీ పట్టుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఫోన్‌లో "దగ్గర్లో మంచి రెస్టారెంట్" అని కొట్టి, పైన కనిపించిన పేరు నొక్కి, వెళ్లి తినేసి రావడం తేలికే. కానీ అలా దొరికేది చాలాసార్లు ఎవరికీ ఇబ్బంది కలగని తిండి: కారం తగ్గించి, పులుపు తగ్గించి, ఘాటు వాసన వచ్చే సరుకులు తీసేసి, తీపి కాస్త పెంచి, ఎవరొచ్చినా పేచీ పెట్టకుండా తిని వెళ్లిపోయేలా చేసింది. అందులో తప్పేమీ లేదు, వాళ్లూ అద్దెలు కట్టుకోవాలి. అయితే థాయ్ వంటనో, ఇథియోపియా వంటనో, మెక్సికో వంటనో దాని సొంత రుచిలో తినాలని ఉంటే మాత్రం వెతికే పద్ధతి మార్చుకోవాలి.

నేను ఎక్కడికి వెళ్లినా ఒకే ప్రశ్న పట్టుకుని వెతుకుతాను. ఈ వంట తింటూ పెరిగినవాళ్లు, తేడా వస్తే మొదటి ముద్దకే పట్టేసేవాళ్లు, ఈ హోటల్‌కి మళ్లీ మళ్లీ వస్తున్నారా? వస్తుంటే వంటవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని వండుతాడు, ఎందుకంటే వాళ్ల దగ్గర దాచలేడు. కింద చెప్పేవన్నీ ఈ ప్రశ్నకి జవాబు రాబట్టే మార్గాలే.

1. ముందు ఏం తినాలో సరిగ్గా తేల్చుకోండి

"ఈరోజు చైనీస్ తిందాం" అనుకుని బయల్దేరితే దారి తప్పినట్టే. చైనాలోనే పేరున్న పెద్ద వంట సంప్రదాయాలు ఎనిమిది ఉన్నాయని చెబుతారు: సిచువాన్, కాంటన్, హునాన్, షాన్‌డాంగ్, జియాంగ్సు, జెజియాంగ్, ఫుజియాన్, అన్హుయ్. సిచువాన్ వంటలో ఎండుమిర్చితో పాటు నాలుకని తిమ్మిరెక్కించే ఒక రకం మిరియం పడుతుంది. కాంటన్ వంటవాళ్లేమో తాజా చేపని అల్లం, ఉల్లికాడలు, సోయాసాస్ మాత్రమే వేసి ఆవిరి మీద ఉడికించి, దాని సహజ రుచినే చూపించాలనుకుంటారు. ఈ రెండూ ఒకే మెనూలో ఒకే స్థాయిలో రావడం చాలా అరుదు. ఇటలీ అయినా అంతే, నేపుల్స్ వాళ్ల తిండి వేరు, బొలోన్యా వాళ్లది వేరు. మెక్సికోలో ఓహాకా వైపు వంటకీ, యూకటాన్ వైపు వంటకీ పొంతనే ఉండదు.

కాబట్టి దేశం పేరుతో కాకుండా ప్రాంతం పేరుతోనో, ఇంకా మంచిది, ఒక వంటకం పేరుతోనో వెతకండి. ఆ వంటకం కూడా బయటివాళ్లు అడగనిదైతే బాగుంటుంది. ప్యాడ్ థాయ్, గ్రీన్ కర్రీ ప్రతి థాయ్ హోటల్లోనూ ఉంటాయి, వాటిని బట్టి ఏమీ తెలియదు. అదే మెనూలో పులియబెట్టిన చేపల రసం వేసి దంచిన పచ్చి బొప్పాయి సోమ్ తమ్, వేయించి పొడి చేసిన బియ్యం చల్లిన మాంసం లాబ్, చింతపండు పులుపుతో చేసే చేపల పులుసు గేంగ్ సోమ్ కనిపిస్తే, అక్కడికి థాయ్ వాళ్లు వస్తున్నారని అర్థం. లేకపోతే అవి మెనూలో నిలవవు, సరుకు పాడైపోతుంది. ఇథియోపియా హోటల్ అయితే శనగపిండితో చిక్కగా చేసే షిరో ఉందా, సన్నగా తరిగిన పచ్చి మాంసంతో చేసే కిట్ఫో ఉందా చూడండి. రోమ్ వంట అని చెప్పుకునే చోట కార్బొనారా అనే పాస్తాలో క్రీమ్ వేస్తున్నారంటే వాళ్లు రోమ్ వాళ్ల కోసం వండటం లేదు. ఆ వంటకంలో గుడ్డు, పెకొరీనో చీజ్, గ్వాంచాలే అనే పంది దవడ మాంసం, మిరియాలు, అంతే. గుడ్డు, చీజ్, పాస్తా ఉడికించిన నీళ్లు కలిసే ఆ చిక్కదనం వస్తుంది.

2. ఆ దేశం వాళ్లు నగరంలో ఎక్కడ ఉంటారో కనుక్కోండి

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ పనే, అందుకే దీనికి కాస్త సమయం పెట్టండి.

వలస వచ్చినవాళ్లు గాలివాటంగా ఎక్కడపడితే అక్కడ స్థిరపడరు. పని దొరికిన చోట, అద్దెలు తక్కువున్న చోట, తమవాళ్లు ముందే ఉన్న చోట ఉంటారు. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్‌లో మంచి జపాన్ హోటళ్లు అన్ని ఉండటానికి కారణం జపాన్ కంపెనీలు అక్కడ ఆఫీసులు పెట్టుకోవడం, వాళ్ల ఉద్యోగులు కుటుంబాలతో రావడం, ఆ కుటుంబాలకి బడి, కిరాణా, రొట్టెల దుకాణం, నూడుల్స్ కొట్టు కావాల్సి రావడం. కొరియా తిండి కోసం లండన్‌లో నడిబొడ్డున తిరగకుండా నైరుతి శివార్లలోని న్యూ మాల్డెన్‌కి వెళ్లేవాళ్లున్నారు, ఎందుకంటే కొరియా కుటుంబాలు అక్కడ ఎక్కువ. బెర్లిన్‌లో టర్కీ తిండికి క్రాయిట్స్‌బర్గ్, సావో పావ్లోలో జపాన్ తిండికి లిబెర్దాదె, లాస్ ఏంజెలెస్‌లో థాయ్ టౌన్, అన్నిచోట్లా ఇదే కథ.

మీరున్న నగరంలో ఇలాంటి పేట పేరు తెలియకపోతే హోటల్ కోసం వెతకడం ఆపి, వేరే వాటిని వెతకండి. ఆ దేశపు కిరాణా కొట్టు, వాళ్లు వెళ్లే గుడి, చర్చి లేదా మసీదు, ఆదివారం పూట పిల్లలకి వాళ్ల భాష నేర్పే బడి, డబ్బు ఇంటికి పంపే కౌంటర్, వాళ్ల భాషలో బోర్డు పెట్టుకున్న క్షౌరశాల, ట్రావెల్ ఏజెన్సీ. ఇవి రెండు మూడు దగ్గరదగ్గరగా మ్యాప్‌లో కనిపిస్తే ఆ చుట్టుపక్కల తిండి ఉండి తీరుతుంది. విదేశీ విద్యార్థులు ఎక్కువున్న యూనివర్సిటీల చుట్టుపక్కల, ఓడరేవుల దగ్గర, పెద్ద ఆసుపత్రుల వెనక వీధుల్లో కూడా చూడండి.

అద్దె గురించి ఇంకో మాట. మెయిన్ రోడ్డు మీద, పర్యాటకులు ఫొటోలు దిగే కూడలిలో ఉన్న హోటల్‌కి అద్దె చాలా ఎక్కువ, పైగా అక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ రారు. తిండి ఎలా ఉన్నా రేపు కొత్తవాళ్లు వస్తారు. సందులో, శివారు షాపింగ్ వరసలో, లాండ్రీ పక్కన, రెండో అంతస్తులో ఉన్న హోటల్‌కి దారినపోయేవాళ్లు రారు, తెలిసినవాళ్లే రావాలి. నది కనిపిస్తుందనో, మేడ మీద గాలి బాగుంటుందనో పేరున్న చోట మీరు కట్టే బిల్లులో పెద్ద వాటా ఆ దృశ్యానికే పోతుంది. దృశ్యం కావాలనుకున్న రోజు వెళ్లండి, తిండి కావాలనుకున్న రోజు వద్దు.

3. మ్యాప్‌లో వాళ్ల భాషలో వెతకండి

చాలామంది చేయని పని ఇది, కానీ రెండు నిమిషాల్లో అయిపోతుంది. ట్రాన్స్‌లేషన్ యాప్‌లో "సిచువాన్ రెస్టారెంట్" అనో, వంటకం పేరో పెట్టి, ఆ దేశపు లిపిలో వచ్చిన మాటని కాపీ చేసి మ్యాప్ సెర్చ్‌లో అతికించండి. వచ్చే ఫలితాలు వేరుగా ఉంటాయి, ఎందుకంటే ఆ లిపిలో పేరు పెట్టుకున్న హోటళ్లు, ఆ లిపిలో రివ్యూలు పడిన హోటళ్లు పైకి వస్తాయి. బయటివాళ్ల కోసం ఇంగ్లీషులో ఒక పేరు, తమవాళ్ల కోసం సొంత లిపిలో ఇంకో పేరు పెట్టుకునే హోటళ్లూ ఉంటాయి, ఆ రెండో పేరులోనే చాలాసార్లు ఏ ఊరి వంటో ఉంటుంది.

ఏ దేశంలో ఉన్నారో దాన్ని బట్టి యాప్ కూడా మార్చాలి. జపాన్‌లో స్థానికులు ఎక్కువగా చూసేది తాబెలాగ్. అందులో జనం మార్కులు చాలా పిసినారిగా వేస్తారు, 5కి 3.5 దాటితే చాలా మంచి హోటల్ అని లెక్క. వేరేచోట్ల 4.5 చూడటానికి అలవాటుపడ్డ కళ్లకి 3.4 తక్కువగా అనిపించి దాటేస్తాం. చైనాలో ద్యాన్‌పింగ్, కొరియాలో నేవర్ మ్యాప్, హాంకాంగ్‌లో ఓపెన్‌రైస్ చూస్తారు. ఫోన్‌తో పేజీని అనువదించుకుని చదివితే సరిపోతుంది.

4. రివ్యూలు చదవడం ఒక పని, రేటింగ్ చూడటం ఇంకో పని

రేటింగ్ అంకె ఒక్కటే చూసి నమ్మకండి. 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత తన పెరట్లోని షెడ్డుకి హోటల్ అని పేరు పెట్టి, స్నేహితుల చేత దొంగ రివ్యూలు రాయించి, ట్రిప్ అడ్వైజర్‌లో లండన్ మొత్తానికి మొదటి స్థానంలోకి తెచ్చాడు. అప్పటికి అక్కడ ఒక్కరికి కూడా భోజనం పెట్టలేదు. స్టార్లకి అంత విలువ ఉంది కాబట్టే అవి కొనుక్కునేవాళ్లుంటారు. యెల్ప్ అనే రివ్యూ సైట్‌లో ఒక స్టార్ పెరిగితే చెయిన్‌కి చెందని సొంత హోటళ్ల ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతోందని హార్వర్డ్‌కి చెందిన మైకేల్ లూకా 2011లో లెక్కగట్టాడు.

నేను చేసేది ఇది. ముందు రివ్యూలని కొత్తవి పైకొచ్చేలా మార్చుకుంటా. హోటల్ పేరు అదే ఉన్నా వంటవాడు మారిపోయి ఉండొచ్చు, యజమాని అమ్మేసి ఉండొచ్చు, నాలుగేళ్ల కిందటి పొగడ్త ఈరోజు ప్లేటుకి పనికిరాదు. తర్వాత 5, 1 వదిలేసి 3 స్టార్ల రివ్యూలు చదువుతా. అయిదు ఇచ్చినవాడు ఆనందంలో ఉంటాడు, ఒకటి ఇచ్చినవాడు కోపంలో ఉంటాడు, మూడు ఇచ్చినవాడు కూర్చుని ఆలోచించి రాస్తాడు, ఏది బాగుందో ఏది బాలేదో విడదీసి చెబుతాడు.

ఆపైన ఫిర్యాదులు. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, ఎందుకంటే కొన్ని ఫిర్యాదులు నిజానికి మనకి కావాల్సిన సమాచారమే. "భరించలేనంత కారం", "చేప వాసన", "మాంసంలో ఎముకలున్నాయి", "సర్వర్ నవ్వలేదు", "మెనూ అర్థం కాలేదు", "మాకు తెలిసిన వంటకాలేవీ లేవు" అని ఒకరి తర్వాత ఒకరు గొణిగితే, ఆ హోటల్ బయటివాళ్ల కోసం తన వంట మార్చుకోలేదని తెలుస్తోంది. "కడుపు నొప్పి వచ్చింది", "నూనె కంపు", "అన్నం చల్లారిపోయింది", "బిల్లులో లేనివి వేశారు" అనేవి మాత్రం ఏ దేశం హోటల్‌కైనా చెడ్డ గుర్తులే, ఇవి రెండు మూడుసార్లు కనిపిస్తే వదిలేయండి.

ఫొటోల దగ్గర ఇంకాసేపు ఆగండి. హోటల్ వాళ్లు పెట్టిన ఫొటోలు కాదు, తిన్నవాళ్లు పెట్టినవి. ఇథియోపియా హోటల్ ఫొటో ఒకటి తెరిచి పెద్దది చేసి చూడండి. ఇంజెరా అనే ఆ పెద్ద గుండ్రటి రొట్టె మీద పైభాగమంతా చిన్న చిన్న కళ్లలా చిల్లులు దగ్గరదగ్గరగా, సమంగా ఉన్నాయా? పిండి కొన్ని రోజులు సరిగ్గా పులిస్తేనే అవి అలా పడతాయి. టెఫ్ అనే సన్నటి గింజతో చేస్తే రంగు గింజ రకాన్ని బట్టి లేత దంతపు రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది. టెఫ్ దొరకనిచోట, లేదా ఖరీదెక్కువని, గోధుమ పిండో ఇంకో పిండో కలిపి చేస్తారు, అది మోసం కాదు, కానీ పులుపూ మెత్తదనమూ మారతాయి. తర్వాత బల్ల చుట్టూ చూడండి: నలుగురు ఒకే పళ్లెంలో చేత్తో తింటున్నారా, ఎవరికి వాళ్లు విడివిడి ప్లేట్లు, ఫోర్కులు పెట్టుకున్నారా? ఆ ఒక్క ఫొటోలోనే అక్కడికి ఎవరు వస్తున్నారో చాలావరకు తెలిసిపోతుంది.

డెలివరీ యాప్‌లో కనిపించే పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఒకే అడ్రస్ మీద పిజ్జా ఒక పేరుతో, నూడుల్స్ ఒక పేరుతో, టాకోలు ఇంకో పేరుతో ఉంటే అవన్నీ ఒకే వంటగదిలోంచి వస్తూ ఉండొచ్చు. అడ్రస్‌ని మ్యాప్‌లో పెట్టి చూస్తే తేలిపోతుంది.

5. అవార్డులు, సర్టిఫికెట్లు

మిషెలాన్ గైడ్‌ని 1900లో ఒక టైర్ల కంపెనీ కారు నడిపేవాళ్ల కోసం మొదలుపెట్టింది, స్టార్లు ఇవ్వడం 1926లో మొదలైంది. స్టార్ వచ్చిన హోటళ్లు చాలావరకు మామూలు జేబుకి అందవు గానీ, 1997 నుంచి బిబ్ గూర్మాన్ అనే వేరే జాబితా ఇస్తున్నారు, అది మధ్యస్థ ధరలో మంచి భోజనం పెట్టేచోట్ల కోసం. మీ నగరానికి ఆ గైడ్ ఉంటే ముందు ఆ జాబితా చూడండి. ఇక థాయ్‌లాండ్ వాణిజ్య మంత్రిత్వ శాఖ విదేశాల్లోని థాయ్ హోటళ్లకి థాయ్ సెలెక్ట్ అనే గుర్తు ఇస్తుంది. నేపుల్స్‌లో 1984లో పెట్టిన పిజ్జా సంఘం తన పద్ధతి పాటించే దుకాణాలకి గుర్తింపు ఇస్తుంది, బాగా కాలిన పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో పిజ్జా అయిపోవాలన్నది అందులో ఒక నియమం. ఇవి ఉంటే మంచిదే, లేవని ఎవరినీ తీసిపారేయొద్దు. భార్యాభర్తలు ఇద్దరే నడుపుకునే చిన్న హోటల్ వాళ్లకి దరఖాస్తులు నింపే తీరిక ఎక్కడిది?

6. మనుషుల్ని అడగండి, కానీ సరిగ్గా అడగండి

"ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగితే ఎవరైనా మీకు ఏది నచ్చుతుందో ఊహించి, పేరున్న చోటు చెబుతారు. అది మర్యాద. ప్రశ్న మార్చండి: "మీరు పోయిన వారం బయట ఎక్కడ తిన్నారు?", "మీ అమ్మగారు ఊరినుంచి వస్తే ఆవిడని ఎక్కడికి తీసుకెళ్తారు?", "ఇంటి తిండి మీద బెంగ పుడితే ఎక్కడికి వెళ్తారు?" ఇలా అడిగితే వాళ్లు ఒక్క క్షణం ఆగి, ఆలోచించి, నిజం చెబుతారు. "అక్కడ కుర్చీలు బాగోవు, మీకు పర్వాలేదా" అని మొహమాటపడుతూ చెప్పిన పేరుని వెంటనే రాసుకోండి.

ఎవరిని అడగాలి అంటే, నా వరకు మొదట ఆ దేశపు కిరాణా కొట్టులో కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషిని. ఆ పేటలోని హోటళ్లు సరుకు ఎక్కడ కొంటాయో, ఎవరు మంచి చేపల సాస్ తీసుకుంటారో, ఎవరు చవక రకానికి దిగారో వాళ్లకి తెలిసే అవకాశం ఎక్కువ. ఊరికే వెళ్లి అడగకుండా ఏదో ఒకటి కొనండి. ఆ తర్వాత మీతో పనిచేసే ఆ దేశం వాళ్లు, టాక్సీ డ్రైవర్లు, రాత్రి డ్యూటీ చేసే నర్సులు, వేరే హోటళ్లలో పనిచేసే వంటవాళ్లు. వంటవాళ్లు డ్యూటీ దిగాక ఎక్కడ తింటారో అడగండి, అది దాదాపు ఎప్పుడూ మంచి జవాబే. బస చేసే పెద్ద హోటల్ రిసెప్షన్‌లో అడిగితే మాత్రం వాళ్లకి ఏదైనా ఏర్పాటు ఉండి ఉండొచ్చని గుర్తుంచుకోండి.

7. గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగండి

లోపలికి వెళ్లే ముందు మెనూ చూడండి. పొడుగాటి మెనూ చూస్తే నాకు అనుమానం వస్తుంది. సుషీ, రామెన్ నూడుల్స్, థాయ్ కూరలు, పిజ్జా అన్నీ ఒకేచోట ఉన్నాయంటే అందులో చాలావరకు ఫ్రీజర్‌లోంచి వచ్చేవే. జపాన్‌లో మంచి హోటళ్లు చాలావరకు ఒక్క పనే చేస్తాయి, సోబా అనే నూడుల్స్ కొట్టులో సోబానే, రామెన్ కొట్టులో రామెనే. చైనా హోటళ్లకి మాత్రం ఈ లెక్క అంత పనిచేయదు, అక్కడ మెనూలు పెద్దగానే ఉంటాయి. వాటిలో చూడాల్సింది గోడ మీద చేత్తో రాసి అతికించిన కాగితాలు. ఆ రోజు ఏం వచ్చింది, ఏం బాగుంది అన్నది అక్కడే ఉంటుంది. ఫోన్ కెమెరాతో అనువదించుకోండి, లేదా వేలు పెట్టి చూపించి అదేంటని అడగండి.

బల్లల మీద ఏముందో చూడండి. థాయ్ వాళ్లు అన్నాన్ని చెంచా, ఫోర్కుతో తింటారు, చాప్‌స్టిక్స్ ఎక్కువగా నూడుల్స్‌కే. వియత్నాం వాళ్ల నూడుల్స్ పులుసు ఫో పక్కన దక్షిణాది పద్ధతిలో పచ్చి ఆకుల పళ్లెం వస్తుంది, ఆ ఆకులు వాడిపోయి రెండు కొమ్మలే ఉంటే వంటగది మీద శ్రద్ధ తగ్గినట్టే. ఉత్తరాది ఫో అయితే ఆకులు తక్కువే ఉంటాయి, దాన్ని లోపం అనుకోకండి. బల్లల దగ్గర అమ్మమ్మలు, మనవలు కలిసి కూర్చుని ఉంటే ఇంక ఆలోచించకుండా లోపలికి వెళ్లిపోండి. ఇంట్లో వండగలిగిన ముసలమ్మ డబ్బులిచ్చి బయట తింటోందంటే అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

8. ఏ రోజు, ఏ వేళ అన్నది చూసుకుని వెళ్లండి

ఒకే హోటల్ మంగళవారం మధ్యాహ్నం ఒకలా, ఆదివారం ఇంకోలా ఉంటుంది. కొన్ని వంటకాలకి రోజులున్నాయి. ఉత్తర ఆఫ్రికాలో గోధుమ రవ్వతో చేసే కుస్కుస్ శుక్రవారం ఇంటిల్లిపాదీ కూర్చుని తినేది. బ్రెజిల్ వాళ్ల నల్ల చిక్కుడు, మాంసం కలిపిన ఫెజ్వాదా సావో పావ్లోలో బుధ, శనివారాల్లో వండుతారు. రోమ్‌లో న్యోక్కి అనే బంగాళదుంప ముద్దలు గురువారం. మెక్సికోలో గెరేరో రాష్ట్రం వాళ్లు పొజోలే అనే మొక్కజొన్న, మాంసం పులుసు గురువారం తాగుతారు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులకి బుధ, శుక్రవారాలు ఉపవాసం, ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ఉండవు, అంటే శాకాహారులకి ఆ హోటళ్లలో అంతకంటే మంచి రోజులు లేవు. కాంటన్ వాళ్ల చిన్న చిన్న చిరుతిళ్లు డిమ్ సమ్ పొద్దుటి నుంచి మధ్యాహ్నం వరకు తినేది, రాత్రి ఎనిమిదికి అడిగితే దొరికినా ఆ తాజాదనం ఉండదు.

ఆ దేశం వాళ్ల రద్దీ వేళకే వెళ్లండి. స్పెయిన్ వాళ్లు రాత్రి తొమ్మిది దాటాకే భోజనానికి కూర్చుంటారు, ఏడింటికి వెళ్తే ఖాళీ బల్లల మధ్య మీరొక్కరే ఉంటారు, ఆ హోటల్ గురించి మీకేమీ తెలియదు. ఖర్చు చూసుకోవాలంటే ఖరీదైన హోటల్‌ని మధ్యాహ్నం సెట్ లంచ్‌తో పరీక్షించొచ్చు, వంటవాడు అదే, బిల్లు సగానికి సగం తగ్గొచ్చు.

9. ఆర్డర్ ఇవ్వడం

కూర్చోగానే "ఏది బాగుంటుంది?" అని అడిగితే బయటివాళ్లకి నచ్చేదే చెబుతారు. "మీరు ఏం తింటారు?", "మీ ఊరి వంటకం ఇందులో ఏది?" అని అడగండి, యజమాని ఏ ప్రాంతం మనిషో కూడా తెలుస్తుంది. ఆ ప్రాంతపు వంటకం ఒకటి తప్పకుండా తెప్పించుకోండి. కారం ఎంత అని అడిగితే అంకె చెప్పకండి, "మీవాళ్లకి ఎలా చేస్తారో అలా" అనండి, నిజంగా తినగలిగితేనే. వాళ్లు సందేహిస్తూ రెండోసారి అడిగితే నవ్వి మళ్లీ అదే మాట చెప్పండి. చాలాసార్లు గతంలో ఎవరో కారమని ప్లేటు వెనక్కి పంపేసి ఉంటారు, ఆ భయం వాళ్లది.

కొత్తచోట ఒక మామూలు వంటకం, ఒక ప్రత్యేకమైనది తెప్పించండి. మామూలుదాంట్లో చేతి నైపుణ్యం బయటపడుతుంది: జపాన్ హోటల్లో తెల్లన్నం, మెక్సికో హోటల్లో తోర్తియా అనే మొక్కజొన్న రొట్టె. సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టిన మొక్కజొన్నతో అక్కడికక్కడే చేసిన తోర్తియా చేతిలోకి తీసుకుంటే వెచ్చగా, మెత్తగా, మడిచినా విరక్కుండా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కాల్చిన మొక్కజొన్న వాసన వస్తుంది. ప్యాకెట్ తోర్తియా ఎండి అంచుల దగ్గర చీలిపోతుంది. లోపలి కూర ఎంత బాగున్నా ఆ తేడా కప్పిపుచ్చలేరు.

10. శుభ్రత, అలెర్జీ విషయాలు

చిన్నచోటు, పాతచోటు అంటే మురికిచోటు అనుకోనక్కర్లేదు, మెరిసే హోటల్ శుభ్రమైనదనీ అనుకోవద్దు. చాలా నగరాల్లో ప్రభుత్వ తనిఖీ ఫలితాలు ఎవరైనా చూడొచ్చు. న్యూయార్క్‌లో 2010 నుంచి ఏ, బీ, సీ అక్షరాలు తలుపు దగ్గర అతికించాలి, ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో 0 నుంచి 5 దాకా పరిశుభ్రత రేటింగ్ ఉంది, డెన్మార్క్‌లో 2001 నుంచి నవ్వు ముఖాల బొమ్మలతో చెబుతున్నారు. మీ నగరం వెబ్‌సైట్‌లో ఒకసారి వెతకండి.

అలెర్జీ ఉన్నవాళ్లూ శాకాహారులూ పైకి కనిపించని సరుకుల గురించి విడిగా అడగాలి. థాయ్, వియత్నాం కూరగాయల వంటకాల్లో కూడా చేపల సాస్ ఉంటుంది. జపాన్ సూపులకి మూలం దాషి అనే రసం, అది చాలాసార్లు ఎండు చేపతో కాచినదే. మెక్సికో బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు. "మాంసం లేకుండా" అంటే వీటిని లెక్కలోకి తీసుకోకపోవచ్చు, అందుకే సరుకు పేరు పెట్టి అడగండి. ప్రాణం మీదికి వచ్చే అలెర్జీ అయితే వాళ్ల భాషలో స్పష్టంగా రాయించిన కార్డు దగ్గర పెట్టుకోండి, సైగలతో పని జరగదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 14 రకాల అలెర్జీ సరుకుల వివరాలు అడిగితే చెప్పి తీరాలి.

11. "అసలైనది" అన్న మాటని మరీ బిగించకండి

మెక్సికో వాళ్లు తమదని గర్వంగా చెప్పుకునే టాకోస్ అల్ పాస్తోర్, లెబనాన్ నుంచి వలస వెళ్లినవాళ్ల షవర్మా పద్ధతి నుంచి పుట్టింది, నిలువు ఊచకి గుచ్చి కాల్చే పద్ధతి వాళ్లతోనే వచ్చింది. రామెన్‌కి మూలం చైనా నూడుల్స్. పిండిలో ముంచి వేయించే టెంపురా పద్ధతి జపాన్‌కి పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. పెరూలో చైనా వలసదారులు పెట్టిన చీఫా హోటళ్ల తిండి ఇప్పుడు పెరూ తిండే. కాబట్టి వలస వచ్చినవాళ్లు దొరికిన సరుకులతో కొత్త ఊళ్లో మార్చుకున్న వంటని నకిలీ అనడం అన్యాయం. నాకు పట్టింపు ఉన్నది వేరే దగ్గర: ఆ మార్పు తాము తినడానికి చేసుకున్నదా, ఎవరికీ అభ్యంతరం లేకుండా అమ్మడానికి చేసిందా? మొదటిదైతే మనసుపెట్టి తినండి.

ఇంకొకటి, వలసవాళ్ల తిండి ఎప్పుడూ చవగ్గానే ఉండాలని పట్టుబట్టకండి. రాత్రంతా ఎముకలు కాచి చేసిన ఫో పులుసుకీ, ఫ్రాన్స్ హోటల్లో గంటల తరబడి కాచిన సాస్‌కీ పడిన శ్రమలో తేడా లేదు.

12. జాబితా రాసుకోండి, రెండోసారి వెళ్లండి

తిన్నచోట్లని మ్యాప్‌లో సేవ్ చేసి, పక్కన ఒక్క వాక్యం రాసుకోండి: ఏం తిన్నారు, ఏది మళ్లీ తినాలి, ఏది వద్దు, ఏ రోజు వెళ్లాలి. "బాగుంది" అని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత ఎందుకూ పనికిరాదు. నచ్చితే పది పదిహేను రోజుల్లోపే రెండోసారి వెళ్లండి, మనుషులు గుర్తుపడతారు, మొదటిసారి చూపించని మెనూ బయటికి వస్తుంది, "ఈరోజు ఇది చేశాం, రుచి చూడండి" అని గిన్నె తెచ్చి పెట్టేది అప్పుడే.

వచ్చేశాక రివ్యూ రాయండి, వంటకాల పేర్లతో సహా. ఏ ప్రాంతం వంటో, యజమాని ఏ ఊరి మనిషో, ఆయన చెబితే అదీ రాయండి, చేత్తో రాసిన కాగితం ఫొటో పెట్టండి. ప్రకటనలకి డబ్బుల్లేని హోటల్‌కి అదే ఆసరా. రేపు అదే వంటకం పేరుతో వెతికే ఇంకొకరికి ఆ పేజీలో మొదట కనిపించేది మీరు రాసిన ఆ రెండు వాక్యాలే కావచ్చు.